అటక మీది గ్రామఫోన్‌కి ధర ఎలా కడతారు?

చెన్నైలో పాత తెలుగు కుటుంబాల ఇళ్లు ఒక్కొక్కటిగా బిల్డర్ల చేతికి వెళ్తున్నాయి. టి.నగర్‌లోనో, పెరంబూరులోనో, షావుకారుపేటలోనో అటక ఖాళీ చేస్తుంటే ఇత్తడి గుండిగలకీ పాత ట్రంకు పెట్టెలకీ మధ్య నుంచి నల్లటి సూట్‌కేసు లాంటిది ఒకటి కిందికి దిగుతుంది. మూత తీస్తే గుండ్రటి పళ్లెం, పక్కకి మడిచిన లోహపు చెయ్యి, మూలన సూదులు పోసుకునే చిన్న గిన్నె, మూత లోపల బూర ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ. నాకు పాత రికార్డుల పిచ్చి ఉందని తెలిసినవాళ్లు వెంటనే ఫోటో తీసి పంపుతారు. దాని కింద ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: "ఇది అమ్మితే ఎంతొస్తుందండీ?"

ఇంటర్నెట్‌లో వెతికితే జవాబు దొరక్కపోగా అయోమయం పెరుగుతుంది. "పురాతన గ్రామఫోన్" అన్న ఒకే పేరు మీద ఒకచోట 6,000 రూపాయలు కనిపిస్తుంది, ఇంకోచోట 6 లక్షలు. రెండు ఫోటోల్లోనూ బూర ఉంటుంది, కుక్క బొమ్మ ఉంటుంది. ఇంట్లోవాళ్లు సహజంగానే రెండో అంకెను మనసులో పెట్టుకుంటారు. తర్వాత కొనేవాడు వచ్చి 4,000 ఇస్తానంటే మోసం చేస్తున్నాడనుకుంటారు. కొన్నిసార్లు అది మోసమే. కొన్నిసార్లు సరైన ధర కూడా. ఏది ఎప్పుడు అన్నది తెలియాలంటే ఈ బజారు నడిచే తీరు కొంత అర్థం కావాలి.

మొట్టమొదట ఒక మాట. అమ్మకానికి పెట్టినవాడు అడిగే అంకె ధర అవ్వదు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఆన్‌లైన్ వేలం సైట్లలో "అమ్ముడైనవి" మాత్రమే చూపించే ఏర్పాటు ఉంటుంది. అందులో కనిపించేదే ధర. నెలల తరబడి అమ్ముడుపోకుండా పడి ఉన్న 6 లక్షల బూరని చూసి మన పెట్టెకి వెల కట్టుకుంటే నిరాశ తప్పదు. పైగా వ్యాపారి మన దగ్గర కొనే రేటు, అతను మరమ్మతు చేయించి, షాపులో పెట్టి, ఏడాది ఎదురుచూసి అమ్మే రేటు ఒకటి కావు. ఆ తేడా సగానికి సగం ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

వయసు పెరిగితే విలువ పెరుగుతుందా?

అందరూ పడే పొరపాటు ఇక్కడే. "నూరేళ్ల నాటిదండీ" అని చెప్పగానే విలువ పెరిగిపోతుందనుకుంటారు. పాటల యంత్రాల విషయంలో వయసు చాలా చిన్న సంగతి. అలాంటివి ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి, మిగిలినవాటిలో ఎన్ని చెడగొట్టకుండా ఉన్నాయి, వాటిని కావాలనుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు అన్నవే ధరని తేలుస్తాయి.

ఎడిసన్ సంగతే చూద్దాం. 1877లో ఆయన చేసిన మొదటి ఫోనోగ్రాఫ్ స్తంభం ఆకారంలో ఉన్న లోహపు గొట్టానికి తగరపు రేకు చుట్టి, దాని మీద సూదితో శబ్దాన్ని గుచ్చే పరికరం. నాలుగైదుసార్లు వినిపిస్తే రేకు చిరిగిపోయేది. ఆ తర్వాత రేకు స్థానంలో మైనపు సిలిండర్లు వచ్చాయి. 1890ల చివరికి ఎడిసన్ కంపెనీ సామాన్య కుటుంబాల కోసం చవక మోడళ్లు దించింది. 1896లో వచ్చిన "హోమ్" మోడల్ 40 డాలర్లు. తర్వాత "స్టాండర్డ్" 20 డాలర్లు, "జెమ్" ఏడున్నర డాలర్లు. అమెరికాలో పల్లెటూరి రైతులు కూడా కొన్నారు, లక్షల్లో అమ్ముడయ్యాయి. గట్టి ఓక్ చెక్క పెట్టెలు కాబట్టి చాలావరకు బతికి ఉన్నాయి. అందుకే 120 ఏళ్లు దాటిన ఎడిసన్ స్టాండర్డ్, పని చేసే స్థితిలో ఉన్నా, అమెరికాలో ఈరోజుకీ కొన్ని వందల డాలర్ల దగ్గరే ఉంటుంది. అదే తగరపు రేకు కాలపు అసలు యంత్రమైతే పదుల వేల డాలర్లు పలుకుతుంది. వయసులో తేడా ఇరవై ఏళ్లే. మిగిలిన సంఖ్యలో మాత్రం హస్తిమశకాంతరం.

ఇంకో ఉదాహరణ విక్ట్రోలా. 1906లో అమెరికాలోని విక్టర్ కంపెనీ బూరని చెక్క బీరువాలో దాచేసి, 200 డాలర్లకి అమ్మడం మొదలుపెట్టింది. అప్పట్లో అది శ్రీమంతుల వస్తువు. వెంటనే చవక మోడళ్లు వచ్చాయి, ప్రతి మధ్యతరగతి ఇంట్లోకీ ఒకటి చేరింది. ఇప్పుడు ఆ నిలువెత్తు బీరువాలని మోయడానికి మనుషులు, పెట్టడానికి చోటు కావాలి. చిన్న ఫ్లాట్లలో ఉండే కొత్త తరానికి ఆ రెండూ లేవు. మామూలు విక్ట్రోలా బీరువా అమెరికాలో వంద, రెండు వందల డాలర్లకి దొరుకుతుంది. తీసుకెళ్తే చాలని ఊరికే ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అదే కంపెనీ అంతకు కొద్ది ఏళ్ల ముందు చేసిన, పైకి బూర కనిపించే పెద్ద మోడళ్లు మాత్రం వేల డాలర్ల దగ్గర గట్టిగా నిలబడ్డాయి.

అంటే కంటికి నచ్చే యంత్రానికి ఒక గిరాకీ ఉంది. దీనికి పూర్తిగా వేరైన రెండో గిరాకీ ఇంకోటి ఉంది, అది చెవికి సంబంధించినది. 1925 వరకు పాటగాళ్లు బూరలోకి గట్టిగా పాడితే ఆ ఒత్తిడితోనే రికార్డు చెక్కేవాళ్లు. 1925లో మైకు పెట్టి విద్యుత్తుతో రికార్డు చేయడం మొదలైంది. దాంతోపాటే వినిపించే యంత్రాల రూపకల్పన కూడా లెక్కల ప్రకారం మారింది. బూర ఎంత పొడవుండాలి, ఎలా వెడల్పవుతూ పోవాలి అన్నది అంచనా వేసి, పొడవాటి బూరని పెట్టె లోపల మడిచి అమర్చారు. విక్టర్ వాళ్ల క్రెడెంజా, ఇంగ్లండులో హెచ్‌ఎంవి (లండన్ గ్రామఫోన్ కంపెనీ కుక్క మార్కు) 202, 203 మోడళ్లు ఆ కోవలోవి. లండన్‌లో ఇ.ఎం.జి. అనే చిన్న సంస్థ కాగితపు గుజ్జుతో ఏనుగు చెవంత బూరలు చేత్తో చేసి, సంగీతం తెలిసినవాళ్లకి ఒక్కొక్కటిగా అమ్మింది. వీటిని తక్కువ సంఖ్యలో చేశారు, ఇవి అద్భుతంగా పాడతాయి. కరెంటు లేకుండా ఇంత నిండైన గొంతు వస్తుందంటే, వినకుండా నమ్మడం కష్టం. అందుకే హెచ్‌ఎంవి 203, ఇ.ఎం.జి. పెద్ద మోడళ్లు వేల పౌండ్లు పలుకుతాయి. వీటిని కొనేవాళ్లలో చాలామంది రోజూ వింటారు కూడా.

మన దేశానికి ఏమొచ్చాయి?

సిలిండర్ యంత్రాలు మన దగ్గర పెద్దగా నిలవలేదు. ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటు తీసుకున్న చదునైన ప్లేటు పద్ధతిదే ఇక్కడ పైచేయి అయింది. ఒక అచ్చు తయారైతే ప్లేట్లు వేలల్లో తీయొచ్చు. సిలిండర్‌కి ఆ సౌకర్యం ఆలస్యంగా వచ్చింది. 1902లో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ అచ్చులు జర్మనీలోని హానోవర్‌కి వెళ్లి ప్లేట్లుగా తిరిగొచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ప్లేట్లు ఇక్కడే తయారయ్యాయి. కలకత్తాలోనే హేమేంద్ర మోహన్ బోస్ సొంతంగా సిలిండర్ల మీద బెంగాలీ గొంతులు పట్టాడు గానీ వాటిలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

కాబట్టి మద్రాసు ఇంట్లో సిలిండర్ యంత్రం దొరికితే అది నిజంగా విశేషం. అయినా దాని ధర మనకున్న కొరతని బట్టి తేలదు, అమెరికాలో ఉన్న రాశిని బట్టి తేలుతుంది. కొనేవాడు అక్కడి నుంచి తెప్పించుకోగలడు కదా. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం ఎంతవుతాయో అంతమేర ఇక్కడ ధర ఎక్కువ ఉండొచ్చు, అంతే. సిలిండర్ల సంగతైతే మద్రాసు ఉక్క వాటికి పరమ శత్రువు. మైనానికి బూజు పడుతుంది, ఆ బూజు గాడిని తినేస్తుంది. 1912 తర్వాత వచ్చిన నీలిరంగు సెల్యులాయిడ్ సిలిండర్లకి బూజు బెడద లేదు గానీ, లోపల ఉండే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొర చెమ్మకి ఉబ్బి, యంత్రానికి ఎక్కకుండా మొరాయిస్తాయి.

మన తెలుగు ఇళ్లలో ఎక్కువగా దొరికేవి పెట్టె గ్రామఫోన్లు, అంటే చేత్తో పట్టుకెళ్లే పోర్టబుల్ మోడళ్లు. వాటిలో రారాజు హెచ్‌ఎంవి 102. 1931లో మొదలై 1950ల చివరి దాకా వచ్చింది. దానికి ముందుది 101, 1925 నాటిది. కొలంబియా వాళ్ల పెట్టెలు కూడా కనిపిస్తుంటాయి. ఇంగ్లండులో బాగున్న 102 సుమారు 100 నుంచి 300 పౌండ్ల మధ్య అమ్ముడవుతుంది. నల్లవి అతి సామాన్యం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ పెట్టెలకి ఎక్కువ ఇస్తారు. చెన్నై, బెంగళూరుల్లో పాడే స్థితిలో ఉన్న నల్ల 102కి 15,000 నుంచి 40,000 దాకా అడగడం నేను చూస్తుంటాను. స్ప్రింగు తెగి, సౌండ్‌బాక్సు (చెయ్యి కొసన సూదిని పట్టుకుని శబ్దం పుట్టించే గుండ్రటి డబ్బా) లేనిదైతే అందులో నాలుగో వంతు వచ్చినా మంచి బేరమే.

మెరిసే బూర వెనక సంగతి

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే విషయానికి వస్తాను.

గ్రామఫోన్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది తళతళలాడే ఇత్తడి బూర. హోటల్ లాబీల్లో, పెళ్లి ఫోటో స్టూడియోల్లో, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) రిసార్టుల్లో, సినిమా సెట్లలో ఉండేది అదే. కోడంబాక్కంలో అద్దెకి దొరికేది కూడా అదే. వీటిలో అత్యధికం గత నలభై, యాభై ఏళ్లలో మన దేశంలోనే కూర్చినవి. కొత్తగా కొట్టిన ఇత్తడి బూర, కొత్త చెక్క పెట్టె, దాని మీద కొత్తగా అతికించిన కుక్క బొమ్మ. లోపలి స్ప్రింగు మోటారు మాత్రం పాతది. విదేశీ సేకర్తలు ఈ సరుకుని చూడగానే గుర్తుపడతారు, ఇంగ్లీషులో వీటికి వాళ్లు పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు. ప్రపంచంలో ఏ మూల పాత సామాన్ల సంతకి వెళ్లినా మన దేశం నుంచి వెళ్లిన ఈ బూరలు కనిపిస్తాయి. కొత్తదిగా, అలంకారానికి కొంటే వీటి ధర 5,000 నుంచి 15,000 మధ్య ఉంటుంది. అలంకారమని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. "1890 నాటి హెచ్‌ఎంవి" అని చెప్పి లక్ష అడిగితే అది మోసం.

ఆ "1890" అన్న మాట దగ్గరే దొంగ దొరికిపోతాడు. కుక్క వింటున్న ఆ బొమ్మని ఫ్రాన్సిస్ బారాడ్ వేశాడు. మొదట ఆయన గీసింది సిలిండర్ ఫోనోగ్రాఫ్. 1899లో గ్రామఫోన్ కంపెనీ కొనేటప్పుడు దాని మీదే మళ్లీ రంగు వేసి గ్రామఫోన్‌గా మార్చాడు. లండన్ కంపెనీ ప్లేట్ల లేబుళ్ల మీదికి ఆ కుక్క 1909లో గానీ రాలేదు. 1890 నాటి కుక్క మార్కు యంత్రం అన్నది అసాధ్యం.

మిగతా గుర్తులు కళ్లతో, చేత్తో చూసి పట్టుకోవచ్చు. హెచ్‌ఎంవి బూర యంత్రాల్లో చాలావాటికి రంగు వేసిన ఉక్కు రేకు బూరలుంటాయి, ఖరీదైనవాటికి ఓక్, మహాగని చెక్క బూరలు. నిలువెల్లా పసుపు పచ్చగా మెరిసే పల్చటి ఇత్తడి కనిపిస్తే అనుమానించాలి. పెట్టె ఎనిమిది పలకల్లోనో, ఆరు పలకల్లోనో ఉంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు, ఆ కంపెనీ అలాంటి ఆకారంలో చేయలేదు. బూరకీ చెయ్యికీ మధ్య ఉండే వంపు గొట్టం అసలు యంత్రంలో నున్నగా పోత పోసినట్టుంటుంది. నకలులో రెండు ముక్కలు కలిపి టంకం వేసిన గీత కనిపిస్తుంది. అసలు చెయ్యి సౌండ్‌బాక్సు దగ్గర సన్నగా మొదలై బూర వైపు వెళ్లేకొద్దీ లావవుతుంది. నకలులో మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు పైపు. సౌండ్‌బాక్సు మీది అక్షరాలు అలికినట్టుంటాయి. హ్యాండిల్ తిప్పితే ఊగుతుంది. పళ్లెం తీసి చూస్తే కింద చిన్న మోటారు, అది బిగించిన రేకుని కత్తిరించిన ఆనవాళ్లు.

ఆ చిన్న మోటారు ఎక్కడిదో తెలిస్తే ధరల వ్యవహారం ఇంకోలా కనిపిస్తుంది. అది ఏదో ఒక ఇంటి అటక మీది పెట్టె గ్రామఫోన్‌లోంచి పీకినది. 102 లాంటి నిక్కమైన పెట్టెని 2,000కో, 3,000కో కొని, మోటారు, చెయ్యి, పళ్లెం ఊడదీసి, నల్ల పెట్టెని పారేసి, ఒక ఇత్తడి బూర బొమ్మని పుట్టిస్తారు. బొమ్మకి గిరాకీ ఎక్కువ, అసలుకి తక్కువ. దాంతో అసలు సరుకు తగ్గిపోతోంది. మా తాతల కాలంలో ఎవరో నెలల జీతం కూడబెట్టి కొన్న యంత్రం, ఒక తరం మొత్తం చుట్టూ కూర్చుని పద్యాలు విన్న యంత్రం, హోటల్ మెట్ల పక్కన పాడని అలంకారంగా మిగలడం నాకు మింగుడుపడదు. పాత సామాన్లవాడు 2,000 ఇస్తానంటే ఆలోచించకుండా ఇచ్చేయకండని నాకు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇందుకే.

మెరుగు పెడితే తరుగు

అటక మీది పెట్టె దొరకగానే ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే మొదటి పని దానికి నష్టం. చెక్కకి పాలిష్ కొట్టిస్తారు, లోహానికి కొత్త నికెల్ పూత పూయిస్తారు, చిరిగిన తోలు గుడ్డ పీకి కొత్త రెగ్జిన్ అతికిస్తారు. సేకర్త కోరుకునేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి పూత, అది మాసినా సరే. ఎడిసన్ పెట్టె ముందువైపు ఉండే బంగారు అక్షరాల స్టిక్కరు, 102 మూత లోపలి కుక్క బొమ్మ, మోడల్ నంబరు ఉన్న రేకు, ఇవి ఒక్కసారి పోతే మళ్లీ రావు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి వదిలేయడమే మేలు.

కీ ఇచ్చి చూడాలనే తహతహ కూడా అందరికీ ఉంటుంది. లోపలి స్ప్రింగుకి పెట్టిన గ్రీజు దశాబ్దాల తరబడి ఎండి బంకలా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని నిండుగా తిప్పితే స్ప్రింగు ఫట్‌మని తెగుతుంది, ఆ దెబ్బకి మోటారు చక్రాల పళ్లు కూడా విరగొచ్చు. నాలుగైదు చుట్లు తిప్పి పళ్లెం తిరుగుతుందా లేదా చూస్తే చాలు. మిగతాది తెలిసిన మెకానిక్ పని. స్ప్రింగు మార్చడం, గ్రీజు శుభ్రం చేయడం సాధ్యమే, అవి ధరని మరీ దెబ్బతీయవు.

దెబ్బతీసేది పోత లోహం. 1920ల తర్వాత చాలా కంపెనీలు సౌండ్‌బాక్సుల్లోనూ, చేతుల్లోనూ ఖర్చు తగ్గించుకోవడానికి జింకు కలిసిన చవక లోహాన్ని వాడాయి. అందులో సీసం లాంటి మలినాలు కొంచెం ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోలోపల ఉబ్బి, పగుళ్లిచ్చి, చివరికి బిస్కెట్‌లా విరిగిపోతుంది. చెమ్మ దాన్ని ఇంకా తొందరపెడుతుంది. 101కి వచ్చే నాలుగో నంబరు సౌండ్‌బాక్సులో ఈ జబ్బు ఎక్కువ. దీనికి మందు లేదు, బాగున్న ఇంకోటి వెతికి తెచ్చుకోవాల్సిందే. 102కి మొదట్లో 16వ నంబరు సౌండ్‌బాక్సు, తర్వాత 5ఏ, 5బి వచ్చాయి. సరైన సౌండ్‌బాక్సు ఉందా, హ్యాండిల్ దాని సొంతదేనా, మూతలో ప్లేట్లు పెట్టుకునే పళ్లెం ఉందా అన్న మూడు ప్రశ్నలకి జవాబు అవునైతే ధర రెట్టింపైనట్టే లెక్క.

గాలి ఎటు వీస్తోంది?

ఇరవై, ముప్పై ఏళ్ల కిందట ఈ వస్తువుల ధరలు పెద్ద వ్యాపారుల చేతిలో ఉండేవి. ఏ ఊళ్లో ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి అన్నీ అరుదుగానే తోచేవి. ఆన్‌లైన్ వేలాలు వచ్చాక ఏవి అరుదో, ఏవి వీధికొకటి ఉన్నాయో బయటపడిపోయింది. అక్కడి నుంచి బజారు రెండుగా చీలింది. సామాన్యమైన మోడళ్లు ఎక్కడివక్కడే ఆగాయి, కొన్ని కిందికి జారాయి. నిజంగా అరుదైనవి, మొదటి పూతతో ఉన్నవి, అద్భుతంగా పాడేవి నిలబడ్డాయి, కొన్ని పైకి వెళ్లాయి. మధ్యలో ఉన్నవాటి సంగతే నాకు దిగులు. అమెరికా, ఇంగ్లండుల్లో వీటిని యాభై ఏళ్లుగా పోగేసిన తరం వృద్ధాప్యంలో ఉంది. వాళ్ల సేకరణలు ఒక్కసారిగా వేలానికి వస్తుంటే సరుకు పెరుగుతోంది, కొనేవాళ్లు ఆ వేగంతో పెరగట్లేదు. పెట్టుబడి అనుకుని సాధారణ గ్రామఫోన్ కొనేవాళ్లకి నేను వద్దనే చెప్తాను. వినడానికి కొనుక్కోండి, ఆ డబ్బు ఆ ఆనందానికే సరిపోతుంది.

ఎల్పీ రికార్డులకి మళ్లీ ఫ్యాషన్ వచ్చింది కదా, దాంతో వీటి గిరాకీ కూడా పెరగదా అని చాలామంది అడుగుతారు. ఆ రెంటికీ సంబంధం దాదాపు లేదు. ఎల్పీ 1948లో వచ్చిన వినైల్ ప్లేటు, దాని మీద ఆనే బరువు రెండు, మూడు గ్రాములు. పాత గ్రామఫోన్ సౌండ్‌బాక్సు వంద గ్రాములకి పైగా బరువుతో ఉక్కు సూదిని నొక్కుతుంది. దాని కింద ఘంటసాల ఎల్పీ పెడితే ఒక్కసారికే గాడి చెడిపోతుంది, దయచేసి ఆ పని చేయకండి. గ్రామఫోన్‌కి సరిపడేవి 78 వేగపు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే, లక్క ప్లేట్లే. వాటిలో లక్కతో పాటు రాతి పొడి కలుపుతారు, ఆ గరుకు సూదినే అరగదీసి గాడికి సరిపడేలా చేస్తుంది. అందుకే ఒక వైపు పాటకి ఒక సూది, రెండో వైపుకి కొత్త సూది. డబ్బా సూదులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, చవకే. సూది పొదుపు చేసి ప్లేటుని పాడుచేసుకోవడం అన్యాయం. 1950ల తర్వాతి ప్లేట్లని మాత్రం బరువైన సౌండ్‌బాక్సు కింద పెట్టకపోవడమే మంచిది.

ప్లేట్ల బజారు యంత్రాల బజారు కంటే ఆసక్తికరం. మన దేశంలో 78 ప్లేట్లు మిగతా దేశాలు ఆపేశాక కూడా, 1960ల దాకా వచ్చాయి. దాని వల్ల బీటిల్స్ పాటలు 78 ప్లేట్ల మీద ఇక్కడ అచ్చయ్యాయి. వాటి కోసం విదేశీయులు వందల డాలర్లు ఇస్తారు. చెన్నై మూర్ మార్కెట్‌లో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న రోజులు కూడా వాటికి ఉన్నాయి.

తెలుగు ప్లేట్లకీ అదే సూత్రం వర్తిస్తుంది. మనకి బాగా ఇష్టమైనవి బాగా అమ్ముడయ్యాయి కాబట్టి అవే ఎక్కువ మిగిలాయి. ఘంటసాల పాడిన ప్రైవేటు పద్యాలు, 1950ల సినిమా పాటలు ఇప్పటికీ కొన్ని వందల రూపాయలకి దొరుకుతాయి. కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యాలు, బెంగళూరు నాగరత్నమ్మ పాడినవి, అంతకు ముందు తరం రంగస్థల నటుల గొంతులు దొరకడం కష్టం. దొరికినా, కొనేవాళ్లు తక్కువమంది కావడంతో ధర ఆకాశానికి అంటదు. నాకైతే ఈ ప్లేట్లే అసలైన నిధి. యంత్రం ఇంకోటి దొరుకుతుంది. ఆ గొంతు ఉన్న ప్లేటు ప్రపంచంలో అదొక్కటే మిగిలి ఉండొచ్చు. తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాదుకి వెళ్లే దాకా మద్రాసులోనే ఉంది కాబట్టి, ఇక్కడి ఇళ్లలో ఇలాంటివి ఎక్కువ బయటపడతాయి.

ఎక్కడ కొనాలి, ఎక్కడ అమ్మాలి?

చెన్నైలో పాత రికార్డులంటే సెంట్రల్ స్టేషన్ పక్కన ఉండిన మూర్ మార్కెట్. 1985 మే నెలలో అది కాలిపోయింది. ఎన్ని ప్లేట్లు, ఎన్ని పుస్తకాలు ఆ రాత్రి పోయాయో తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. తర్వాత దుకాణాలు పక్కనే అల్లికుళం సముదాయంలోకి మారాయి, ప్లేట్లు ఇప్పటికీ అక్కడ దొరుకుతాయి. బెంగళూరులో చిక్‌పేట వైపు ఆదివారం సంత ఉంది, పొద్దున్నే వెళ్తే మంచి సరుకు కనిపిస్తుంది. వాతావరణం వల్ల కూడా రెండు ఊళ్ల సరుకుకీ తేడా ఉంటుంది. చెన్నై పెట్టెల్లో తుప్పు, ఊడిన ప్లైవుడ్ పొరలు ఎక్కువ. బెంగళూరు ఇళ్లలో ఉన్నవి తరచుగా కాస్త తాజాగా కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు పళ్లెం కింది మోటారు, సౌండ్‌బాక్సు వెనక భాగం, నంబరు రేకు ఫోటోలు తప్పకుండా పెట్టాలి. తెలిసిన కొనుగోలుదారు చూసేది వాటినే. కొనేవాళ్లయితే పాట పాడుతున్న వీడియో అడగాలి, ఆ పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో సాగుతోందో లేదో వినాలి. చివర్లో రాగం ఈడ్చుకుంటూ పోతే స్ప్రింగు అలిసిపోయిందని అర్థం.

అమెరికాలో ఉన్న పిల్లలకి పంపుదామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు, పురావస్తువుని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1925లో వచ్చిన 101 మోడళ్లు ఇప్పుడు సరిగ్గా ఆ గీత దగ్గరికి వచ్చాయి. 102కి ఇంకా సమయం ఉంది గానీ, కస్టమ్స్ వాళ్లకి మోడల్ తేడాలు తెలియవు. పంపే ముందు భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. చెన్నైలో ఆ శాఖ కార్యాలయం సెయింట్ జార్జ్ కోటలో ఉంది. యంత్రం ఫోటోలు, మోడల్ నంబరు, తయారైన సంవత్సరానికి ఆధారం చేతిలో పెట్టుకుని వెళ్తే పని తేలికవుతుంది.

పెట్టెతో పాటు ప్లేట్లు కూడా ఉంటే, రెంటినీ ఒకే బేరంలో కట్టబెట్టేయకండి. ముందు ప్రతి ప్లేటు లేబుల్‌కి రెండు వైపులా ఫోటో తీయండి, నంబరు స్పష్టంగా పడాలి. ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. తెలుగు నాటక పద్యాలో, పేరు వినని పాటగాళ్లో కనిపిస్తే ఎవరైనా రికార్డుల సేకర్త దగ్గరికి తీసుకెళ్లి, సరైన యంత్రం మీద కంప్యూటర్‌లోకి ఎక్కించాకే అమ్మకం మాట ఎత్తండి.